ప్రార్థనలోంచి ఒక మాట తీసేసిన పోప్

1959 మార్చి 27. ఆ రోజు గుడ్ ఫ్రైడే. క్యాథలిక్ క్రైస్తవులు ఆ రోజు చదివే ప్రార్థనల్లో యూదుల కోసం కూడా ఒకటి ఉంటుంది. లాటిన్‌లో ఉండే ఆ ప్రార్థనలో యూదుల పేరు ముందు ఒక విశేషణం శతాబ్దాలుగా నడుస్తూ వచ్చింది. విశ్వాసం లేనివాళ్లు అని దానికి అసలు అర్థమని పండితులు చెప్పేవారు. కానీ యూరప్ భాషల్లోకి వచ్చేసరికి అది ద్రోహులు, నమ్మకద్రోహం చేసినవాళ్లు అనే అర్థంతోనే జనం చెవుల్లో పడింది. ఆ సంవత్సరం రోమ్‌లో ఆ మాట వినిపించలేదు. పోప్ దాన్ని తీసేయించారు.

ఆ పోప్ పేరు 23వ జాన్. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆంజెలో జుసెప్పే రొంకల్లి. గద్దెనెక్కి అప్పటికి అయిదు నెలలే అయింది. తీసింది ఒక్క మాటే గానీ దాని వెనక దాదాపు రెండు వేల ఏళ్ల పాత ప్రశ్న ఒకటి ఉంది. అల్లాహ్ ఒక ఖౌమ్‌కు ఇచ్చిన మాటను వెనక్కి తీసుకున్నాడా, లేదా?

నిబంధన అంటే

తెలుగు బైబిల్ చూసినవారికి పాత నిబంధన, కొత్త నిబంధన అనే పేర్లు తెలుసు. ఉర్దూ బైబిల్‌లో దీన్నే అహద్ అంటారు. దేవుడు హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం)తో, ఆయన సంతానంతో, ఆ తర్వాత హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ద్వారా బనీ ఇస్రాయీల్‌తో చేసిన వాగ్దానమే ఈ నిబంధన. బనీ ఇస్రాయీల్ నుంచి తీసుకున్న మీసాఖ్ గురించి ఖుర్ఆన్‌లోనూ చాలా చోట్ల ఉంది కాబట్టి ఈ మాట మనకు కొత్త కాదు.

వ్యాపార ఒప్పందానికీ దీనికీ తేడా ఉంది. ఒప్పందంలో ఒక పక్షం మాట తప్పితే రెండో పక్షం కాగితం చింపేసి వెళ్లిపోవచ్చు. మరి నిబంధన కూడా అంతేనా? యూదులు హజ్రత్ ఈసా (అలైహిస్సలాం)ను ఒప్పుకోలేదు కాబట్టి వాళ్లతో ఉన్న పాత అహద్ రద్దయిపోయిందా? ఆ స్థానం చర్చికి వచ్చిందా? క్రైస్తవ పండితుల మధ్య మొదటి నుంచీ ఉన్న చర్చ ఇదే.

బైబిల్‌లోనే దీనికి రెండు దారులున్నాయి. హెబ్రీయులకు రాసిన పత్రిక మొదటి నిబంధన పాతబడిపోయిందని చెబుతుంది. పౌలు రోమీయులకు రాసిన పత్రిక 9 నుంచి 11 అధ్యాయాల్లో వేరే మాట ఉంది. పౌలు స్వయంగా యూదుడు. దేవుడు తన ప్రజను వదిలేయలేదని, ఆయన ఇచ్చిన వరాలను వెనక్కి తీసుకోడని రాశాడు. దానికి ఒక జైతూన్ చెట్టును ఉదాహరణగా చూపించాడు. ఆ చెట్టు వేరు యూదులది. బయటి నుంచి వచ్చిన క్రైస్తవులు దానికి అంటుకట్టిన అడవి కొమ్మలు. వేరును మోస్తున్నది తామేనని కొమ్మలు గర్వపడకూడదు, వేరే కొమ్మలను మోస్తోందని హెచ్చరించాడు.

చర్చి మాత్రం ఎక్కువ కాలం మొదటి దారిలోనే నడిచింది. రెండో శతాబ్దంలో మార్సియన్ అనే ఆయన యూదుల గ్రంథాలనే పక్కన పెట్టేద్దామన్నాడు. చర్చి ఒప్పుకోలేదు, ఆయన్నే బయటికి పంపింది. అలా యూదుల గ్రంథం చర్చిలో ఉండిపోయింది, యూదులు మాత్రం పరాయివాళ్లయ్యారు. ఈనాటి అల్జీరియా ప్రాంతంలో బిషప్‌గా ఉన్న అగస్టిన్, యూదులను చంపకూడదు గానీ చెల్లాచెదురుగా బతుకుతూ గ్రంథాలకు సాక్షులుగా మిగలాలి అని బోధించారు. యూదుల మీద పడిన ఇంకో నింద మరీ ఘోరమైనది. ఈసాను చంపింది యూదులే కాబట్టి ఆ జాతి మొత్తం, తరతరాలుగా దోషులే అన్నారు. శిలువ విషయంలో మన అఖీదా వేరని తెలిసిందే. కానీ ఆ నింద యూరప్‌లో ఎన్ని ఇళ్లు కూల్చిందో చరిత్రలో ఉంది.

1215లో లాటరన్ మహాసభ యూదులూ ముస్లింలూ విడిగా కనిపించే దుస్తులు వేసుకోవాలని తీర్మానించింది. గుర్తుపట్టి దూరం పెట్టే ఆ నియమం ఇద్దరి మీదా ఒకే కలంతో రాశారు. 1492లో స్పెయిన్ యూదులను వెళ్లగొట్టింది. 1609 నుంచి ముస్లిం మూలాలున్న మొరిస్కోలనూ తరిమేసింది. పోప్ ఉండే రోమ్ నగరంలోనే 1555లో యూదులను గోడల మధ్య ఒక వాడలో పెట్టారు. 1870 దాకా ఆ ఏర్పాటు పోలేదు.

ఆ తర్వాత పదకొండేళ్లకే రొంకల్లి పుట్టారు.

కౌలు రైతు ఇంట్లో

ఉత్తర ఇటలీలో బెర్గామో దగ్గర సోత్తో ఇల్ మోంతే అనే చిన్న ఊరు. 1881 నవంబర్ 25న అక్కడ ఒక కౌలు రైతు కుటుంబంలో ఆయన పుట్టారు. సొంత భూమి లేదు. పండినదాంట్లో భూస్వామికి వాటా పోగా మిగిలిందే తిండి. ఇంటి నిండా పిల్లలు. వీళ్లలో చదువుకుని బయటికొచ్చింది ఈయనే. తమ్ముళ్లు చివరిదాకా వ్యవసాయంలోనే ఉండిపోయారు.

1904లో రోమ్‌లో పాదిరీ అయ్యారు. తర్వాత దాదాపు పదేళ్లు బెర్గామో బిషప్ దగ్గర సెక్రటరీగా పనిచేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక ఆసుపత్రుల్లో గాయపడినవాళ్లకు సేవ చేశారు. 1925లో వాటికన్ ఆయన్ని బల్గేరియాకు ప్రతినిధిగా పంపింది. అక్కడ క్యాథలిక్కులు గుప్పెడు మందే. పెద్ద పదవుల మీద కన్నున్నవాళ్లు కోరుకునే చోటు కాదది. అక్కడే దాదాపు పదేళ్లు గడిచిపోయాయి.

ఇస్తాంబుల్ రోజులు

1935 మొదట్లో ఆయన ఇస్తాంబుల్ చేరారు. తుర్కియే, గ్రీస్ రెండు దేశాలకూ ప్రతినిధి. ఖిలాఫత్ రద్దయి పదకొండేళ్లయింది. ముస్తఫా కమాల్ ప్రభుత్వం మతానికి సంబంధించిన దుస్తులతో వీధుల్లో తిరగకూడదని చట్టం చేసింది. అది ఇమాములకూ పాదిరీలకూ వర్తించింది. రొంకల్లి గొడవ చేయకుండా అంగీ విప్పేసి కోటు, ప్యాంటు తొడుక్కున్నారు. చర్చిలో కొన్ని ప్రార్థనలు తుర్కీ భాషలో చదివించడం మొదలుపెట్టారు. ఇటలీ వాళ్లకూ ఫ్రాన్స్ వాళ్లకూ అది నచ్చలేదు. అయినా ఆ దేశంలో ఉంటూ ఆ దేశపు భాషను పక్కన పెట్టడం ఆయనకు సరిగా అనిపించలేదు.

అప్పటికి వాటికన్‌కూ తుర్కియేకూ రాయబార సంబంధాలు లేవు. అందుకే ఆయనకు అధికారిక హోదా లేదు. అంకారా ఆఫీసుల్లో తెలిసినవాళ్లను చేసుకుని, మాట మంచితనంతోనే పనులు నడిపించుకున్నారు. ముస్లింలు అత్యధికంగా ఉన్న దేశంలో పదేళ్లు ఒక చిన్న మైనారిటీ మతపెద్దగా బతకడం ఆయనకు మంచి పాఠమే అయింది. చట్టం ముందు, పొరుగువాడి ముందు తక్కువమందిగా ఉండటం అంటే ఏమిటో ఆయనకు అక్కడ తెలిసింది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. తుర్కియే చాలాకాలం యుద్ధానికి దూరంగా ఉంది. దాంతో హిట్లర్ చేతుల్లోంచి తప్పించుకునే యూదులకు ఇస్తాంబుల్ ఒక దారి అయింది. యూదు సంస్థల ప్రతినిధులు రొంకల్లి తలుపు తట్టేవారు. స్లొవేకియాలో, హంగరీలో చిక్కుకున్నవాళ్ల పేర్లతో ఆయన వాటికన్‌కు ఉత్తరాలు రాశారు. 1943లో బల్గేరియా రాజు బోరిస్‌కు పాత పరిచయంతో విజ్ఞప్తి చేశారు. 1944లో హంగరీ యూదులకు అందాల్సిన వలస పత్రాలను చర్చి టపాలో బుడాపెస్ట్‌కు పంపించారు. ఆయన వల్ల ఎంతమంది బతికారనే దానిపై చెప్పే లెక్కలు రకరకాలుగా ఉన్నాయి. చేయగలిగిన చోట చేయి చాచారనడంలో మాత్రం సందేహం లేదు.

అలాగని అప్పటికే ఆయన ఆలోచన పూర్తిగా మారిపోయిందనుకోకూడదు. 1943 సెప్టెంబర్‌లో ఆయన వాటికన్‌కు రాసిన ఒక ఉత్తరం ఉంది. యూదులను పలస్తీనాకు పంపడంలో వాటికన్ సాయపడితే యూదు రాజ్యాన్ని మళ్లీ నిలబెట్టినట్టవుతుందేమోనని అందులో తన ఇబ్బంది చెప్పుకున్నారు. వాళ్ల ప్రాణాలు కాపాడాలనడంలో ఆయనకు రెండో మాట లేదు. దేవుడి ప్రణాళికలో వాళ్ల స్థానం ఏమిటనే దగ్గర మాత్రం సెమినరీలో నేర్చుకున్న పాత పాఠమే ఆయన దగ్గరుంది. ముందు మనుషులను కాపాడారు, మత సిద్ధాంతం గురించి ఆలోచన ఆ తర్వాత వచ్చింది.

తాత్కాలికం అనుకున్న పోప్

1944 చివర్లో ఆయన్ని పారిస్‌కు రాయబారిగా పంపారు. 1953లో కార్డినల్ అయి వెనిస్ చేరారు. 1958 అక్టోబర్ 28న పోప్‌గా ఎన్నికయ్యేనాటికి 76 ఏళ్లు నిండాయి. ముసలాయన, నాలుగైదేళ్లు గద్దె చూసుకుంటాడులే అని చాలామంది అనుకున్నారు. మూడు నెలలు తిరగకముందే, 1959 జనవరి 25న, ప్రపంచంలోని బిషప్‌లందరినీ పిలిచి మహాసభ పెడతానని ప్రకటించారు. రెండో వాటికన్ మహాసభ అదే. మన ఊళ్ల చర్చిల్లో లాటిన్ పోయి తెలుగులో పూజ వచ్చింది కూడా దీని ఫలితంగానే.

గుడ్ ఫ్రైడే ప్రార్థనలో మాట తీసేయడం ఆ ప్రకటన తర్వాత రెండు నెలలకు జరిగింది. ముందు రోమ్‌లో, కొన్ని నెలల్లో ప్రపంచమంతటా అమలైంది. అయితే ప్రార్థన మొత్తం మారలేదు. యూదులు క్రైస్తవంలోకి రావాలని కోరే భాగం అలాగే ఉండిపోయింది. పోయింది ద్రోహులు అనే ముద్ర మాత్రమే.

ఇద్దరు వృద్ధుల భేటీ

1960 జూన్ 13న ఫ్రాన్స్ నుంచి 82 ఏళ్ల యూదు చరిత్రకారుడు ఒకరు పోప్‌ను కలవడానికి వచ్చారు. పేరు జూల్స్ ఇసాక్. ఫ్రాన్స్‌లో తరాల తరబడి బడి పిల్లలు చదివిన చరిత్ర పాఠ్యపుస్తకాలు ఆయన రాసినవే. విద్యాశాఖలో పెద్ద ఉద్యోగం చేశారు. 1940లో హిట్లర్‌కు లొంగిన ఫ్రెంచ్ ప్రభుత్వం, యూదుడన్న ఒక్క కారణంతో ఆయన్ని పదవి నుంచి తీసేసింది. 1943లో భార్యను, కూతురిని, అల్లుడిని అరెస్టు చేశారు. ఆ ముగ్గురూ తిరిగి రాలేదు. దాక్కుని తిరుగుతూనే ఆయన ఈసా గురించి, బనీ ఇస్రాయీల్ గురించి పెద్ద పుస్తకం రాశారు. అది 1948లో అచ్చయింది.

హిట్లర్ క్రైస్తవ పండితుడు కాదు, ఆ సంగతి ఇసాక్‌కూ తెలుసు. కానీ యూదులను శపించబడిన జాతిగా చూడటం యూరప్ జనానికి చర్చి పాఠాల్లోనే అలవాటైందని, ఆ నేలలోనే ద్వేషం మొలిచిందని ఆయన వాదన. ఈ తిరస్కార బోధనను ఆపమని అడగడానికే ఆయన వచ్చారు. చేతిలో ఒక ఫైలు ఉంది. అందులో చర్చి సొంత పుస్తకం నుంచే ఒక ఆధారం చూపించారు. పదహారో శతాబ్దంలో ట్రెంట్ మహాసభ తర్వాత వచ్చిన బోధనా గ్రంథం, ఈసా మరణానికి కారణం పాపం చేసే మనుషులందరూ అని చెప్పిందే తప్ప ఒక జాతి మీద నెట్టలేదు. అంటే ఆయన కొత్త మతం పెట్టమనడం లేదు. మీ దగ్గరున్న మంచి మాటనే బయటికి తీయండి అంటున్నారు.

భేటీ అరగంట లోపే ముగిసింది. వెళ్లేముందు కొంచెం ఆశ పెట్టుకోవచ్చా అని ఇసాక్ అడిగారు. ఆశకు మించిందే పెట్టుకోవచ్చని పోప్ చెప్పారు. ఆ సెప్టెంబర్‌లోనే ఈ పనిని జర్మన్ కార్డినల్ ఆగుస్తీన్ బేయాకు అప్పగించారు. బేయా బైబిల్ పండితుడు, పోప్‌తో సమవయస్కుడు.

అక్టోబర్‌లో అమెరికా నుంచి 130 మంది యూదు ప్రతినిధులు వచ్చారు. వాళ్లతో పోప్ హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఖిస్సాను గుర్తుచేశారు. అన్నలు అమ్మేసిన యూసుఫ్, ఏళ్ల తర్వాత మిస్ర్‌లో తానెవరో వాళ్లకు చెప్పుకున్న ఘట్టం అది. తాను కూడా వాళ్ల సోదరుడు యూసుఫ్‌నేనని పోప్ చెప్పారు. ఆయన పేరులోని జుసెప్పేకి అర్థం కూడా యూసుఫే. సూరె యూసుఫ్ తెలిసిన ఇంట్లో ఆ మాట బరువు వేరే వివరించక్కర్లేదు.

రాజకీయం అడ్డొచ్చింది

1962 జూన్‌లో పని ఆగింది. ఒక యూదు సంస్థ ఇజ్రాయెల్ మతశాఖ అధికారిని మహాసభకు ప్రతినిధిగా పంపుతామని ప్రకటించింది. అరబ్ దేశాలు తీవ్రంగా నిరసించాయి. 1948లో ఇళ్లు కోల్పోయిన పలస్తీనా జనం అప్పటికి పద్నాలుగేళ్లుగా శిబిరాల్లో ఉన్నారు. వాళ్లలో క్రైస్తవులూ ఉన్నారు. యూదుల గురించి చర్చి చెప్పే ప్రతి మంచి మాటా ఇజ్రాయెల్ ప్రభుత్వానికి మద్దతుగా లెక్కలోకి వస్తుందని అరబ్ బిషప్‌లు భయపడ్డారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ముసాయిదాను ఎజెండాలోంచి తీసేశారు.

బేయా వదల్లేదు. ఇది మతానికి సంబంధించిన విషయం, ఏ దేశ రాజకీయమూ కాదని వాదించారు. డిసెంబర్‌లో నేరుగా పోప్‌కే రాశారు. పోప్ ఆయన్ని సమర్థించారు. దాంతో పని మళ్లీ కదిలింది.

అప్పటికే పోప్‌కు కడుపులో క్యాన్సర్ అని తేలింది. 1962 అక్టోబర్ 11న మహాసభ మొదలుపెట్టారు. అదే నెలలో క్యూబా సంక్షోభంలో అమెరికా, రష్యాలు యుద్ధం అంచుకు వచ్చినప్పుడు శాంతి కోసం రేడియోలో విజ్ఞప్తి చేశారు. 1963 గుడ్ ఫ్రైడే ప్రార్థనలో ఒక మతాధికారి అలవాటుకొద్దీ పాత మాటే చదివేశారు. పోప్ ఆపించి ప్రార్థనను మళ్లీ మొదటి నుంచి చదివించారు. తర్వాత రెండు నెలలు కూడా నిండలేదు. 1963 జూన్ 3న కన్నుమూశారు. మూడు నెలలకు సెప్టెంబర్‌లో జూల్స్ ఇసాక్ కూడా పోయారు. మొదలుపెట్టిన పని ఎలా ముగిసిందో ఇద్దరూ చూడలేదు.

ముసాయిదా ఎక్కడికి చేరింది

తర్వాత వచ్చిన పోప్ ఆరో పాల్ మహాసభను కొనసాగించారు. యూదుల గురించే మాట్లాడితే ఎలా, ముస్లింల సంగతి కూడా చెప్పాలని తూర్పు చర్చిల పెద్దలు అడిగారు. అలా పత్రం పెద్దదైంది. 1965 అక్టోబర్ 28న, అంటే రొంకల్లి పోప్‌గా ఎన్నికై సరిగ్గా ఏడేళ్లయిన రోజున, అది ఆమోదం పొందింది. 2,221 ఓట్లు అనుకూలం, 88 వ్యతిరేకం. దాని పేరు నోస్త్రా ఏతాతే.

ఈసా మరణానికి నాటి యూదులందరినీ, నేటి యూదులను దోషులనడం తప్పని, వాళ్లను దేవుడు శపించిన జాతిగా చూపించకూడదని ఆ పత్రం చెప్పింది. పౌలు జైతూన్ చెట్టును మళ్లీ ముందుకు తెచ్చింది. ముస్లింల గురించి ఒక పేరా ఉంది. ఒక్క దేవుణ్ణే ఆరాధిస్తారని, ఈసాను ప్రవక్తగా, హజ్రత్ మర్యంను గౌరవంగా చూస్తారని, నమాజు, జకాత్, రోజా పాటిస్తారని, ఖియామత్‌ను నమ్ముతారని రాశారు. పాత గొడవలు మరిచి కలిసి పనిచేయాలని కోరారు. మన ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) గురించి మాత్రం ఒక్క మాట లేదు. ఆ లోటు లోటే. అయినా విడి దుస్తులు తొడగమన్న 1215 తీర్మానం పక్కన దీన్ని పెట్టి చూస్తే దూరం ఎంతో అర్థమవుతుంది.

పాత నిబంధన రద్దు కాలేదన్న మాట సూటిగా రావడానికి ఇంకా పదిహేనేళ్లు పట్టింది. 1980లో జర్మనీలోని మైన్జ్‌లో యూదులతో మాట్లాడుతూ పోప్ రెండో జాన్ పాల్ ఆ మాట చెప్పారు. మరి అందరికీ మోక్షం ఈసా ద్వారానే అన్న క్రైస్తవ నమ్మకంతో ఇది ఎలా కుదురుతుంది? ఒకే నిబంధనా, రెండా? 2015లో వాటికన్ విడుదల చేసిన పత్రం కూడా దీన్ని దేవుడికే తెలిసిన రహస్యంగా వదిలేసింది. యూదులను మతం మార్చడానికి ప్రత్యేక సంస్థలు నడపబోమని మాత్రం చెప్పింది.

ఇంకో సంగతి మన పాఠకులు గుర్తుంచుకోవాలి. నిబంధన రద్దు కాలేదంటే పలస్తీనా నేల మీద ఇజ్రాయెల్‌కు దైవహక్కు ఉన్నట్టేనని వాదించే క్రైస్తవులు ఉన్నారు, ముఖ్యంగా అమెరికాలో. వాటికన్ ఆ లెక్క ఒప్పుకోలేదు. ఇజ్రాయెల్ రాజ్యాన్ని మత కోణంలో కాకుండా అంతర్జాతీయ చట్టం ప్రకారమే చూడాలని 1985లో స్పష్టం చేసింది. 2015లో పలస్తీనా దేశంతో నేరుగా ఒప్పందం చేసుకుంది. యూదుల మతాన్ని గౌరవించడం ఒకటి, ఒక ప్రభుత్వం చేసే పనులను సమర్థించడం ఇంకొకటి. ఈ రెండిటినీ కలిపేస్తే నష్టపోయేది యూదులూ, పలస్తీనా జనమూ ఇద్దరూ.

పోప్ 23వ జాన్‌ను 2014లో క్యాథలిక్ చర్చి పునీతుడిగా ప్రకటించింది. ఆయన మత సిద్ధాంతంలో పెద్ద గ్రంథాలు రాసిన మనిషి కాదు. యూదులకూ చర్చికీ మధ్య ఉన్న ప్రశ్నను ఆయన పరిష్కరించలేదు కూడా. ఒక మైనారిటీ గురించి ప్రతి ఏటా ప్రార్థనలో వినిపించే ఒక చెడ్డ మాట, విని విని జనానికి నిజమైపోతుందని ఆయనకు అర్థమైంది. మసీదు మింబర్ మీదైనా, చర్చిలోనైనా, గుడిలోనైనా, పక్కింటివాడి గురించి చెప్పే మాట ఇంటికి, బడికి, వీధికి చేరుతుంది. అది ఎక్కడిదాకా పోగలదో జూల్స్ ఇసాక్ ఇంటివాళ్లకు జరిగింది చూస్తే తెలుస్తుంది.